పది పౌండ్ల గాలి



ఏప్రిల్ వచ్చిందంటే అమెరికాలో మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫొటో తిరగడం మొదలవుతుంది. చలికాలమంతా షెడ్డులో పడుకున్న రైడింగ్ మోవరు ఓ పక్కకి ఒరిగి ఉంటుంది, ముందు చక్రం ఒకటి చప్పిడిగా నేలకి అతుక్కుపోయి ఉంటుంది. కింద ఒకే ప్రశ్న: "టైరు మార్చేయాలా అన్నా?" జవాబులు కూడా ఏటా అవే. ఒకరు కొత్త చక్రం ఆన్‌లైన్లో కొనెయ్యమంటారు, ఒకరు ఆకుపచ్చ మందేదో పొయ్యమంటారు, ఇంకొకరు లాన్ వాళ్ళకి అప్పగించి హాయిగా కాఫీ తాగమంటారు. గాలి ఎక్కణ్ణుంచి పోతోందో చూశావా అని అడిగే మనిషి మాత్రం కనపడడు. ఇవాళ ఆ అడగని ప్రశ్న గురించే మాట్లాడుకుందాం.

చిన్న స్థలం ఉన్నవాళ్ళకి ఈ తంటా లేదు, తోసే మోవరు చాలు. డాలస్‌కి ఉత్తరాన లూకస్, పార్కర్ లాంటి ఊళ్ళలో ఎకరం, రెండెకరాలు తీసుకున్నవాళ్ళకీ, ఒహాయోలోనో నార్త్ కరోలినాలోనో ఊరి చివర ఇల్లు కట్టుకున్నవాళ్ళకీ మాత్రం బండి ఎక్కి కోస్తే తప్ప పని తెమలదు. వసంతకాలంలో రెండు వారాలు బండి మూలపడితే గడ్డి మోకాలి దాకా వస్తుంది, ఆ వెనకే కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం, అదే హెచ్ఓఏ, నుంచి ఉత్తరం వస్తుంది. అసలు 1830లో ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన తొలి గడ్డికోత యంత్రం చేసినప్పుడు దానికి ఇనప రోలర్లే. బట్టల మిల్లులో గుడ్డ మీది నూగు కత్తిరించే యంత్రాన్ని చూసి ఆయనకి ఆ ఊహ పుట్టిందట. గాలీ లేదు, పంక్చరూ లేదు. మనిషి ఎక్కి కూర్చునే బండ్లు వచ్చి, 1963లో జాన్ డీర్ వాళ్ళు 110 అనే చిన్న లాన్ ట్రాక్టరు తెచ్చి, అలాంటివి ఇంటింటికీ చేరాక, గాలి టైరూ దాని తలనొప్పీ కూడా ఇంటికొచ్చాయి.

ముందు ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. మోవరు టైరు కారు టైరుకి తమ్ముడు కాదు. కారు టైరులో 32 నుంచి 35 పౌండ్ల గాలి ఉంటుంది. పౌండ్లంటే ఇక్కడ చదరపు అంగుళానికి లెక్క, పీఎస్ఐ. మామూలు లాన్ ట్రాక్టరుకి వెనక చక్రాలకి 10 పౌండ్లు, ముందువాటికి 14 పౌండ్లు అని చాలా మాన్యువల్స్‌లో రాసి ఉంటుంది. మీ బండికి ఎంతో మీ మాన్యువల్లో చూసుకోండి. టైరు పక్కన అచ్చేసి ఉండే అంకె గరిష్ఠ పరిమితి, అంత కొట్టమని కాదు. ఇంత తక్కువ గాలి ఎందుకంటే, టైరు మెత్తగా పరుచుకుని బరువుని వెడల్పుగా పంచాలి. అప్పుడే తడి నేలలో గాడి పడదు, గడ్డి వేళ్ళు నలగవు. కారుకి కొట్టినట్టు 30 కొట్టారనుకోండి, బండి నేల మీద బంతిలా ఎగురుతుంది, మీ నడుం సంగతి మీకే తెలుస్తుంది.

ఆ తక్కువ గాలే ఈ టైరుకి బలహీనత కూడా. ఇవి ఎక్కువగా ట్యూబ్‌లెస్. టైరు లోపలి అంచు రిమ్ముకి బిగిసి ఉండడానికి జిగురేమీ ఉండదు, లోపలి గాలే దాన్ని రిమ్ము గోడకేసి నొక్కి పెడుతుంది. మూత లోపలికి దూర్చే ప్రెషర్ కుక్కరు చూశారుగా? ఆవిరి పుట్టేదాకా అంచుల్లోంచి బుసబుసమంటూనే ఉంటుంది, లోపల ఒత్తిడి పెరిగాక మూతని అదే బిగించేస్తుంది. టైరు కథ అదే, కాకపోతే వెనకనుంచి ముందుకి. ఒత్తిడి తగ్గేకొద్దీ బిగువు సడలుతుంది, సడలేకొద్దీ ఇంకాస్త గాలి జారుతుంది. కారులో 35లో 3 పౌండ్లు పోతే మీకు తెలియను కూడా తెలియదు. ఇక్కడ 10లో 3 పోయాయంటే మిగిలింది 7. ఆ 7తో ఒక వాలులో గట్టిగా మలుపు తిప్పితే టైరు ఓ పక్కకి మడతపడి రిమ్ము నుంచి ఊడొచ్చేస్తుంది. అప్పుడది మెల్లగా కాదు, ఒక్కసారిగా చప్పబడుతుంది.

చలికాలంలోనే ఇది ఎందుకు ముదురుతుందంటే, అక్కడ ఎవరి తప్పూ లేదు. గాలి చల్లబడితే ముడుచుకుంటుంది. 70 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్న రోజు 10 పౌండ్లు కొట్టి షెడ్డులో పెట్టిన టైరు, బయట 20 డిగ్రీలకి పడిపోయిన రాత్రి, చిల్లి ఏమీ లేకపోయినా సుమారు 7.5 పౌండ్లకి దిగుతుంది. కొలంబస్‌లోనో షికాగోలోనో ఉన్నవాళ్ళకి 20 డిగ్రీలంటే పెద్ద చలి కూడా కాదు. అలా ఒత్తిడి తగ్గినప్పుడు అంచు సడలుతుంది, అసలు లీకు అప్పుడే మొదలవుతుంది. పైగా నెలల తరబడి ఒకేచోట నిలబడ్డ బండి బరువంతా టైరులో ఒకే భాగం మీద పడి ఉంటుంది. అందుకే నవంబరులో బండి లోపల పెట్టేటప్పుడు గాలి సరిగ్గా నింపి పెట్టడం, మధ్యలో ఓసారి చూసుకోవడం మంచిది. వీలుంటే ఫ్రేము కింద దిమ్మలు పెట్టి చక్రాల మీద భారం తీసెయ్యండి.

టైరు పూర్తిగా చప్పబడకముందే గడ్డి మీకు కబురు చెబుతుంది. బ్లేడ్లుండే డెక్కు ఫ్రేముకి వేలాడుతూ ఉంటుంది కదా, ఒక వెనక టైరు కుంగితే డెక్కు కూడా అటే వాలుతుంది. కోసిన చోట చాలు చాలుకీ మధ్య మెట్టు కనబడుతుంది. జనం బ్లేడు మొద్దుబారిందనుకుని బ్లేడు మార్చేస్తారు. అప్పటికీ పోకపోతే డెక్కు లెవెలింగ్ బోల్టులు తిప్పేస్తారు. తరవాత ఎవరో గాలి కొడితే డెక్కు రెండో వైపుకి వంకర. ఏ మాన్యువల్ తిరగేసినా డెక్కు లెవెల్ చేసే పేజీలో మొదటి మాట టైర్ల గాలి చూసుకోమనే ఉంటుంది. ఆ మొదటి మాటే ఎవరూ చదవరు. గాలి చూడ్డానికి కూడా కారు గేజీ పనికిరాదు, వాటిలో చాలావాటికి 10 దగ్గర అంకెని నమ్మలేం. 20 లేదా 30 పౌండ్ల దాకా మాత్రమే చూపించే చిన్న గేజీ ఒకటి కొనుక్కోండి, ఖరీదేమీ కాదు.

సరే, గాలి ఎక్కణ్ణుంచి పోతోందో పట్టుకోవాలి. మన ఊరి పంక్చర్ షాపులో ట్యూబు తీసి తొట్టిలో ముంచుతూ బుడగల కోసం చూసేవాళ్ళు కదా, ఆ విద్యే. చక్రం ఊడదీయనక్కర్లేదు. స్ప్రే సీసాలో నీళ్ళు పోసి గిన్నెలు తోమే లిక్విడ్ కాస్త ఎక్కువగా కలపండి. టైరులో మామూలు కంటే రెండు మూడు పౌండ్లు ఎక్కువ కొట్టండి, పక్కనున్న గరిష్ఠ అంకె దాటకుండా. ఇక తీరిగ్గా కూర్చుని ఆ సబ్బు నీళ్ళు ముందు వాల్వు మూతి మీద, తరవాత వాల్వు మొదట్లో, ఆ పైన రిమ్మూ టైరూ కలిసే అంచు చుట్టూ, లోపలి వైపు కూడా, చివర్లో నేలకి ఆనే భాగమంతా కొట్టుకుంటూ రండి. తొందరపడొద్దు. పెద్ద చిల్లి అయితే వెంటనే బుడగ పొంగుతుంది. అంచు లీకు అలా కాదు. ముందు ఏమీ కనపడదు, నిమిషం, రెండు నిమిషాలు పోయాక రిమ్ము వెంబడి తెల్లటి నురుగు సన్నగా మీసంలా మొలుస్తుంది. సబ్బు నీళ్ళ నురుగులే అని తుడిచేయకండి. తుడిచిన చోట మళ్ళీ మొలిస్తే దొంగ దొరికినట్టే.

వాల్వు మూతి దగ్గర బుడగ వస్తే మీ అదృష్టం. లోపలి పిన్ను వదులై ఉంటుంది లేదా దాని రబ్బరు అరిగి ఉంటుంది. మన పాత సైకిళ్ళకి వాల్వు మీద సన్న రబ్బరు ట్యూబు ముక్క తొడిగేవాళ్ళు, అది వేరే జాతి. ఇది కార్లకీ మోటారు సైకిళ్ళకీ ఉండేదే, 1893లో పేటెంటు పొందిన ష్రేడర్ వాల్వు. పిన్ను తిప్పే చిన్న పరికరం, నాలుగు పిన్నులు కలిపి కాఫీ ఖరీదుకి దొరుకుతాయి. పాత పిన్ను తీసి కొత్తది బిగించండి, మరీ గట్టిగా కాదు. మూత కూడా తప్పకుండా పెట్టండి. గడ్డి దుమ్ము లోపలికి పోకుండా ఆపేది అదే.

బుడగలు వాల్వు మొదట్లో వస్తే కాండం రబ్బరు పగిలిందన్నమాట. బొటనవేలితో దాన్ని ఓ పక్కకి వంచి చూడండి. నిటారుగా ఉన్నప్పుడు నున్నగా కనిపించే రబ్బరు, వంచగానే ఎండిన చెరువు మట్టిలా నెర్రెలు విచ్చుతుంది. దాన్ని అతికించే మందు లేదు, మార్చాల్సిందే. మార్చాలంటే టైరు అంచుని ఒక వైపు రిమ్ము నుంచి దింపాలి, ఆ సంగతి కాసేపట్లో.

ఇక ముళ్ళు. టెక్సస్‌లో ఉండే శ్రోతలు ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినాలి. మన చేలల్లో, బాటల పక్కన చెప్పుల్లోంచి గుచ్చుకునే పల్లేరు కాయ లేదూ, సరిగ్గా అదే మొక్క ఇక్కడ అమెరికా నైరుతి రాష్ట్రాల్లో సైకిళ్ళకీ మోవర్లకీ పెద్ద శత్రువు. ట్రిబ్యులస్ టెరెస్ట్రిస్ దాని శాస్త్రీయ నామం, పాత ప్రపంచం నుంచి వచ్చి పడింది. దాన్ని తగ్గించడానికి 1961లో రెండు రకాల ముక్కుపురుగుల్ని తెచ్చి వదిలారు, ఒకటి గింజని తినేది, ఒకటి కాండాన్ని తొలిచేది. ఆ పురుగుల సొంత ఊళ్ళు ఇటలీ, ఫ్రాన్స్‌లతో పాటు మన ఇండియా కూడా. అంటే ముల్లూ మనకి తెలిసిందే, ముల్లుకి విరుగుడూ మన వైపుదే. మెస్కీట్ చెట్టు కూడా మనకి కొత్తేమీ కాదు, మన సర్కారు తుమ్మకి దగ్గర చుట్టం. దాని ముల్లు మోవరు టైరు పలచటి రబ్బరుని సూదిలా దాటేస్తుంది. ఒహాయో వైపు ఉన్నవాళ్ళకి అడవి పట్టిన కాలరీ పియర్ చెట్టు ముళ్ళతో బాధ. వసంతంలో తెల్లగా పూసి ముచ్చటగా ఉండే ఆ చెట్టు అమ్మకాన్ని ఒహాయోలో 2023 నుంచి నిషేధించారు.

ముల్లు కనపడగానే లాగేయకండి. ముందు సుద్దతోనో పెయింటు పెన్నుతోనో చుట్టూ గీత గీయండి, లాగాక చిల్లి ఎక్కడో వెతుక్కోవడం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది. ఇంకా ఒకటి, పల్లేరు ఒంటరిగా రాదు. ఒకటి దొరికితే ఇంకో నాలుగు అదే టైరులో ఉంటాయని అనుకోండి. చిల్లి నేలకి ఆనే భాగంలో ఉంటే బయటినుంచే తాడు లాంటి ప్లగ్గు కుక్కేయొచ్చు. మోవరు నడిచేది గంటకి 5 మైళ్ళు, కారులో 70 మైళ్ళ వేగానికి ఉండే భయం దీనికి లేదు. టైరు పక్క గోడలో చిల్లి పడితే మాత్రం ప్లగ్గు పెట్టకండి. కూర్చున్న ప్రతిసారీ ఆ గోడ వంగి లేస్తూ ఉంటుంది, ప్లగ్గు నిలవదు.

ఇప్పుడు ఆకుపచ్చ మందు దగ్గరికి వద్దాం. పిన్ను తీసి, వాల్వులోంచి సీసా పిండి, చక్రం తిప్పితే సన్నటి నారలతో ఉన్న ఆ ద్రవం లోపలంతా పరుచుకుని చిల్లుల్ని పూడుస్తుంది. పల్లేరు లాంటి చిన్న చిన్న చిల్లులు పది ఉన్న టైరుకి దీన్ని మించింది లేదు, నేనూ కాదనను. కానీ రిమ్ము తుప్పుపట్టి అంచు దగ్గర కారుతుంటే, ఎండి పగిలిన వాల్వు ఉంటే, మందు పోయడం మూల కారణాన్ని కప్పెట్టడమే. కొన్నాళ్ళు ఆగుతుంది, మళ్ళీ దిగుతుంది. అప్పుడు టైరు ఊడదీస్తే లోపల జిగట, ఆ జిగట కడిగితే గానీ ప్యాచీ అంటదు, సొల్యూషనూ పట్టదు. టైర్ల షాపు కుర్రాడు మీ మొహం ఎలా చూస్తాడో నేను చెప్పక్కర్లేదు. కాబట్టి చివరి ఉపాయంగా వాడండి, మొదటిదిగా కాదు. ఎంత పోయాలో సీసా మీద టైరు సైజు ప్రకారం రాసి ఉంటుంది.

అంచు లీకే ఈ బండ్లలో నాకెక్కువ కనబడేది, దాని గురించి కాస్త వివరంగా చెబుతాను. రిమ్ము మామూలు ఇనుము. తడి గడ్డి, ఎరువు గింజలు, బండి కడిగిన నీళ్ళు పెయింటు పెచ్చుల కింద దూరి తుప్పు రేపుతాయి. ఆ గరుకు మీద టైరు అంచు ఆనలేదు. మార్గం ఒక్కటే, అంచు దింపి తుప్పు గీకడం.

గట్టి నేల మీద బండి నిలిపి, తాళం చెవి తీసి జేబులో వేసుకోండి. పార్కింగ్ బ్రేకు వేశాం కదా అని ధీమా పడకండి, అది పట్టుకునేది వెనక చక్రాలనే. వెనక భాగం జాకీతో లేపితే ముందు చక్రాలకి అడ్డు పెట్టాలి. జాకీ ఒక్కదాని మీదే బండిని ఉంచకండి, స్టాండు పెట్టండి. చాలా బండ్లకి ముందు చక్రాన్ని పట్టుకుని ఉండేది మూత కింద ఇరుసుకి తొడిగిన చిన్న క్లిప్పు. స్క్రూ డ్రైవరుతో తోస్తే అది టప్పున ఎగిరి గడ్డిలో పడుతుంది, ఇక దాన్ని వెతకడంలో ఆదివారం అయిపోతుంది. తోసేటప్పుడు ఒక గుడ్డ కప్పండి. వాషర్లు ఏ వరసలో వచ్చాయో ఫోన్లో ఫొటో తీసుకోండి. వెనక చక్రమైతే ఇరుసు గాడిలో ఒక చిన్న ఇనప ముక్క ఉంటుంది, కీ అంటారు. ఇరుసు తిరిగితే చక్రం తిరిగేది దాని వల్లే. అది పారేసుకున్నారా, ఇంజను మోగుతుంది, బండి కదలదు.

చక్రం చేతికొచ్చాక పిన్ను తీసి గాలి పూర్తిగా వదిలేయండి. అంచు కాలితో తొక్కితే దిగితే సరే, దిగకపోతే పెద్ద సీ క్లాంపుతో టైరు గోడని రిమ్ము పక్కన నొక్కుతూ చుట్టూ రండి, సబ్బు నీళ్ళు చల్లుతూ. దిగాక వైరు బ్రష్షుతో, తరవాత గరుకు కాగితంతో రిమ్ము అంచు నున్నగా అయ్యేదాకా రుద్దండి. వేలి కొసతో తడిమితే ఎక్కడా గీరుకోకూడదు. తుప్పు తీసిన చోట పలచగా పెయింటు వేసి బాగా ఆరనిచ్చి, అంచుకి పూసే బీడ్ సీలర్ రాయండి. చేతికి అందింది కదా, ఇదే సందులో వాల్వు కాండం కూడా కొత్తది లాగేయండి. రెండు డాలర్ల వస్తువు కోసం ఇంకోసారి ఈ అవస్థ ఎందుకు?

మళ్ళీ అంచు కూర్చోబెట్టడమే అసలు పరీక్ష. గాలి కొడుతుంటే పక్కల్లోంచి పోతూనే ఉంటుంది. సామాన్లు కట్టే రాచెట్ బెల్టుని టైరు నడి మధ్య చుట్టి బిగిస్తే నడుము లోపలికి పోయి రెండు అంచులూ బయటికి పొంగుతాయి. అంచులకి సబ్బు నీళ్ళు రాసి, పిన్ను లేకుండానే కంప్రెసరుతో గాలి వదిలితే వేగంగా నిండి పట్టుకుంటుంది. పట్టుకోగానే బెల్టు సడలించండి. టప్, టప్ అని రెండు చప్పుళ్ళు వినిపిస్తాయి. అవి వచ్చేదాకా కొడుతూ పోదాం అనుకోకండి, టైరు మీద రాసిన గరిష్ఠం దగ్గర ఆగి, గాలి తీసి, సబ్బు రాసి మళ్ళీ మొదలెట్టండి. చక్రం మీదకి వంగి నిలబడకండి. ఈథర్ స్ప్రే కొట్టి అగ్గిపుల్ల గీస్తే టైరు ఢామ్మని కూర్చునే వీడియోలు చాలామంది చూసే ఉంటారు. దయచేసి ఆ జోలికి పోకండి. షెడ్డులో పక్కనే పెట్రోలు డబ్బా ఉంటుంది.

ఇంత చేసినా నిలవకపోతే, లేదా రిమ్ము మరీ గుంటలు పడి ఉంటే, మన పాత మందు ఉండనే ఉంది: ట్యూబు. ట్యూబ్‌లెస్ టైరులో ట్యూబు వేయడం వింతేమీ కాదు, ఈ నెమ్మది బండ్లకి అది చక్కగా పనిచేస్తుంది. టైరు పక్కన 15x6.00-6 అని ఉంటుంది చూడండి. 15 అంగుళాల ఎత్తు, 6 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల రిమ్ము. అదే సైజు ట్యూబు అడగండి. వేసేముందు టైరు లోపల చెయ్యి పెట్టి నిదానంగా తడమండి, విరిగిన ముల్లు కొస ఒక్కటి మిగిలినా ట్యూబు పోతుంది. లోపల కాస్త పౌడరు చల్లండి, ట్యూబు మడత పడకుండా జారుతుంది. పాత వాల్వు కాండం తీసేసి ఆ రంధ్రంలోంచే ట్యూబు వాల్వు బయటికి లాగి, కొద్దిగా గాలి కొట్టి ట్యూబు గుండ్రంగా అయ్యాక అప్పుడు అంచు ఎక్కించండి. ఎక్కించేటప్పుడు ఇనప కడ్డీ కొస ట్యూబుని నలిపేయకుండా చూసుకోవాలి, చాలా ట్యూబులు మొదటి రోజే పోయేది అక్కడే. తరవాత ముల్లు గుచ్చుకుంటే ట్యూబుకి ప్యాచీ వేసుకోవచ్చు, ఆ విద్య మనకి ఎవరూ నేర్పనక్కర్లేదు.

టైరు గోడంతా ఎండకి సన్నటి పగుళ్ళు పట్టి, వాటిలో దారాలు కనపడుతున్నాయా, ఇక దాని మీద డబ్బు పెట్టకండి. అలాంటప్పుడు కొత్తది కొనండి, వీలుంటే ఇరుసుకి రెండు వైపులా ఒకేసారి. కొత్తదీ పాతదీ ఎత్తులో తేడా ఉంటే డెక్కు మళ్ళీ వంకరే. పాత టైరు ఇంటి చెత్త బండిలో వేస్తే చాలా ఊళ్ళలో తీసుకోరు, కొత్తది కొన్న షాపులోనే కొద్దిగా రుసుం తీసుకుని ఉంచుకుంటారు.

చక్రం బిగించేటప్పుడు ఇరుసు తుడిచి గ్రీజు రాయండి, వచ్చేసారి సులువుగా వస్తుంది. గాలి మాన్యువల్ ప్రకారం కొట్టి, రాత్రంతా వదిలేసి, పొద్దున ఎండ తగలకముందు నాలుగు చక్రాలూ గేజీతో చూడండి. నిన్నటి అంకే ఉంటే అప్పుడు డెక్కు లెవెల్ సంగతి చూసుకుని, గడ్డి మీదకి దిగండి.